ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు

చేతిలో ఏదో ఒక విద్య లేని ఇల్లాలు మన వీధుల్లో వెతికినా కనిపించదు. ఒకావిడ పూలజడ కుడితే సాక్షాత్తూ అమ్మవారి జడలా ఉంటుంది. ఇంకొకావిడ కొబ్బరి బోండానికి జరీ చుట్టి, కుందన్లు అతికించి ఇస్తే, ఆ బోండాం కూడా ముస్తాబై పెళ్ళికి బయల్దేరినట్టుంటుంది. అడ్డుతెర మీద సీతారాముల బొమ్మ వేసేవాళ్ళు, సీమంతం పళ్ళేలు సర్దేవాళ్ళు, మెహందీ పెట్టేవాళ్ళు, పుట్టినరోజు కేకులు చేసేవాళ్ళు... లెక్కపెడుతూ పోతే ఈ పేజీ చాలదు. మరి వీళ్ళలో ఏడాది తిరిగేసరికి ఆ విద్య మీద నికరంగా నాలుగు డబ్బులు కళ్ళజూసేవాళ్ళు ఎందరు? అడిగి చూడండి. "అబ్బే, ఏదో కాలక్షేపానికి చేస్తున్నానండీ" అంటారు. ఆ ఒక్క మాట చెవిన పడగానే ఎదుటివాళ్ళు బేరం మొదలుపెడతారు!

పనితనంలో లోటు లేదు. లోటంతా ఆ పనిని నడిపించే తీరులో ఉంది. అది నేర్చుకోవడానికి పెద్ద చదువులూ, కోర్సులూ అక్కర్లేదు. ఈసారి ఏదైనా పెళ్ళికి వెళ్ళినప్పుడు, పట్టుచీరల మీద నుంచి చూపు కాస్త పక్కకి మళ్ళించి మండపం కట్టేవాళ్ళనీ, వంటవాళ్ళనీ, టెంట్ హౌస్ అతన్నీ గమనించండి. ఇప్పుడు వీళ్ళందరినీ కలిపి "ఈవెంట్ వాళ్ళు" అంటున్నారు. పేరు కొత్తదే గానీ పని పాతదే.

వాళ్ళ వ్యాపారానికీ తక్కిన వ్యాపారాలకీ ఒకే ఒక్క తేడా ఉంది. టైలరు "రెండు రోజులాగి రండమ్మా" అనగలడు. వడ్రంగి "వచ్చే వారం చూద్దాం" అనగలడు. మండపం కట్టేవాడు ఆ మాట అనలేడు. ముహూర్తం పదిన్నరకి అంటే పదిన్నరకే. వర్షం కురిసినా, లారీ చెడిపోయినా, పనివాడికి జ్వరం వచ్చినా సరే, ముహూర్తం ఆగదు. వాళ్ళ పద్ధతులన్నీ, మనకి కొంచెం కరకుగా అనిపించేవి కూడా, ఆ ఒక్క నిజంలోంచి పుట్టినవే. మీరు చేసే పనీ అలాంటిదే కదా! పుట్టినరోజు కేకు మర్నాడు ఇస్తే ఎవరు తింటారు? పెళ్ళయిపోయాక పూలజడ ఎవరికి కావాలి?

వాళ్ళు రోజులు ఎలా లెక్కపెడతారో చూడండి. మనం ఈరోజు నుంచి ముందుకి లెక్కపెడతాం: "ఇంకా పది రోజులుంది కదా!" వాళ్ళు ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెడతారు. గురువారం రాత్రి పదిన్నరకి పెళ్ళి అనుకోండి. గౌరీపూజకీ ఫోటోలకీ సాయంత్రం ఆరుకల్లా మండపం తయారుగా ఉండాలి. ఆరుకి అవ్వాలంటే పూలు కట్టడం మధ్యాహ్నం పన్నెండుకి మొదలవ్వాలి. అప్పటికే వెదురు, ఇనప ఫ్రేములు నిలబెట్టి గుడ్డలు చుట్టేసి ఉండాలి. అంటే పొద్దున్నే హాలు చేతికి రావాలి. ముందురోజు రాత్రి అదే హాల్లో ఇంకొకళ్ళ రిసెప్షన్ ఉందా? వాళ్ళు ఎన్నింటికి ఖాళీ చేస్తారు? పూలు తెల్లవారుజామున దిగాలి. గోదావరి జిల్లాల వాళ్ళయితే కడియపులంక మార్కెట్టు, హైదరాబాదు వాళ్ళయితే గుడిమల్కాపూరు. మంచి ముహూర్తం రోజున అందరూ బంతీ చామంతుల మీదే పడతారు కనుక రెండు మూడు రోజుల ముందే పూలవాడికి చెప్పి ఉంచాలి. అలా చెప్పాలంటే పెళ్ళివారు రంగులు అంతకు ముందే తేల్చాలి. ఇదంతా అతను కాగితం మీద కింద నుంచి పైకి రాసుకుంటాడు. అందుకే పెళ్ళివారు "రంగు సంగతి చివర్లో చెప్తాంలెండి" అంటే ఒప్పుకోడు.

ఇదే లెక్క మన పూలజడకి వేసి చూడండి. పెళ్ళికూతుర్ని అలంకరించడం సాయంత్రం నాలుగింటికి మొదలైతే జడ మూడున్నరకల్లా ఆ ఇంట్లో ఉండాలి. మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది కాబట్టి బిగుతు మొగ్గలు పొద్దున్నే చేతికి రావాలి, మధ్యాహ్నంలోపు కుట్టడం అయిపోవాలి, తడిగుడ్డ కప్పి చల్లటి చోట పెట్టాలి. జడకి కింద వేసే అట్ట, గుడ్డ, కుచ్చులు ముందురోజే సిద్ధం. అట్ట కత్తిరించాలంటే పిల్ల జడ పొడుగెంతో తెలియాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడేది! "మామూలుగానే ఉంటుందండీ జుట్టు" అని వాళ్ళమ్మ ఫోనులో చెబుతుంది. ఆ మామూలు ఎంతో ఎవరికి తెలుసు? సవరం పెడతారా, పెట్టరా? పనివాళ్ళయిన డెకరేటర్లు హాలు చూడకుండా, టేపు పెట్టి కొలవకుండా ధర చెప్పరు. వేదిక పొడుగు, వెడల్పు, పైకప్పు ఎత్తు, ప్లగ్గు పాయింట్లు ఎక్కడున్నాయి, మెట్ల మలుపులో ఫ్రేము తిరుగుతుందా లేదా, అన్నీ చూసుకుంటారు. మీరు మూడంతస్తుల కేకు చేస్తున్నారా? వాళ్ళిల్లు మూడో అంతస్తులో ఉందా, లిఫ్టు ఉందా, పెట్టబోయే బల్ల ఎండ తగిలే చోట ఉందా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని సందేహించకండి. అడిగినవాళ్ళకే పని తెలుసని ఎదుటివాళ్ళకి నమ్మకం కుదురుతుంది.

ఇక డబ్బు సంగతికి వద్దాం. అసలు గుండె దడ అంతా అక్కడే కదా మనకి!

ఒక అడ్డుతెర లెక్క వేసి చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేస్తున్న అంకెలు, మీ ఊళ్ళో ధరలు వేరుగా ఉండొచ్చు. గుడ్డ 500 రూపాయలు, జరీ అంచు 300, రంగులూ కుందన్లూ 350, జిగురూ దారం 50, బజారుకి వెళ్ళిరావడానికి ఆటో 150. మొత్తం 1,350. ఆవిడ 1,500 అడుగుతుంది. "నూట యాభై మిగిలింది, పర్లేదు" అనుకుంటుంది. బజారు తిరగడం, బొమ్మ గీయడం, కుట్టడం, అతకడం అన్నీ కలిపి పదిహేను గంటలు పట్టింది. అంటే గంటకి పది రూపాయలు. కళ్ళు లాగినందుకూ, నడుం పట్టేసినందుకూ, ఆ మూడు రోజులూ పిల్లలకి ఉప్మాతో సరిపెట్టినందుకూ గంటకి పది రూపాయలు! ఈ లెక్క ఆవిడ ఎన్నడూ వెయ్యలేదు. ఎందుకంటే తన చెయ్యి ఖర్చు కిందకి వస్తుందని ఆవిడకి తోచనే లేదు.

కాంట్రాక్టరు ఆ పొరపాటు చెయ్యడు. అతని కాగితంలో సరుకు ఖర్చు ఒక గడి, కూలి ఒక గడి, బండి ఖర్చు ఒక గడి, పాడయ్యేది ఒక గడి. పది కిలోల చామంతులు తెస్తే అందులో కొన్ని నలిగిపోతాయని అతనికి తెలుసు. ఆ నలిగినవి కూడా లెక్కలో ఉంటాయి. తాను స్వయంగా నిచ్చెనెక్కి కట్టినా సరే తన కూలి రాసుకుంటాడు. ఇవన్నీ అయ్యాక, ఆ పైన లాభం. మన అడ్డుతెరకి అలా వేస్తే సరుకూ ఆటో కలిపి 1,350, గంటకి 80 చొప్పున పదిహేను గంటల కూలి 1,200, పాడయ్యేదాని కింద 135. మొత్తం 2,685. దాని మీద నూటికి పదిహేను లాభం వేసుకుంటే 3,100 దాకా వస్తుంది. "అమ్మో, అంత అడిగితే ఎవరిస్తారు?" అంటారా? కొందరు ఇవ్వరు, నిజమే. అలాంటప్పుడు ధర తగ్గించకండి, పని తగ్గించండి. కుందన్లు లేకుండా, బొమ్మ లేకుండా, అంచు మాత్రం కుట్టి రెండు వేలలోపు వచ్చేది ఒకటి చేసి చూపించండి. డెకరేటర్లు చేసేది అదే. మూడు రకాల మండపాల ఫోటోలు ముందు పెడతారు. పెళ్ళివారు తమ శక్తిని బట్టి తేల్చుకుంటారు. ఆ మండపాన్నే సగం ధరకి కట్టమంటే మాత్రం దణ్ణం పెట్టి లేచిపోతారు.

మన పాత వంటవాళ్ళ దగ్గర ఇంకో చక్కని పద్ధతి ఉండేది. ఇప్పటికీ చాలా ఊళ్ళలో ఉంది. వంటాయన వచ్చి "ఎందరు?" అని అడిగి, అన్ని వందల మందికి బియ్యం ఇంత, కందిపప్పు ఇంత, నూనె ఇంత అని సరుకుల చీటీ రాసిచ్చేవాడు. సరుకు పెళ్ళివారే తెచ్చుకునేవారు. అతనూ అతని మనుషులూ వచ్చి వండి, కూలి మాత్రం తీసుకునేవారు. చేతిలో పెట్టుబడి లేని ఇల్లాలికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది చెప్పండి! "సరుకు మీరు తెచ్చుకోండి, చీటీ నేను రాసిస్తాను, నా కూలి ఇంత" అనండి. పట్టుగుడ్డ ధర పెరిగిందా తగ్గిందా అన్న బెంగ మీకుండదు. రంగు బాగాలేదన్న నిష్ఠూరమూ మీ మీదికి రాదు. పైగా మీ చేతికి ధర ఎంతో అవతలివాళ్ళకి కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

ఇక బయానా. మేళం వాళ్ళకి ముందుగా బయానా ఇచ్చుకోవడం మనకి అనాదిగా ఉన్నదే. దాన్నెవరూ తప్పుపట్టరు. మరి మనం అడగడానికి ఎందుకు నోరు రాదు? బయానా అడగడం అపనమ్మకం కాదు. "ఫలానా రోజు మీది" అని ఒప్పుకున్నాక ఆ రోజుకి వచ్చిన ఇంకో ఇద్దరిని మీరు వదులుకుంటారు కదా! ఆ రోజు ధర అది. సరుకు ఖర్చైనా పూర్తిగా గిట్టేలా, సగానికి తగ్గకుండా ముందు తీసుకోండి. మిగిలింది వస్తువు చేతికిచ్చేముందే. పెళ్ళయ్యాక ఇస్తామంటే ఒప్పుకోవద్దని అనుభవం ఉన్న కాంట్రాక్టరు ఎవరైనా చెబుతాడు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. పెళ్ళి అయ్యేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది, ఒంట్లో ఓపిక అయిపోతుంది. మీ వెయ్యి రూపాయలు ఎవరికి గుర్తుంటాయి? ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, ఓడ దిగాక బోడిమల్లయ్య అని మన పెద్దలు ఊరికే అనలేదు.

చుట్టాల మాటేమిటని మీరు అడగబోతున్నారు. నాకు తెలుసు. "పిన్నీ, మా పిల్ల పెళ్ళి, నువ్వే చెయ్యాలి" అని చేతులు పట్టుకుంటే డబ్బు మాట ఎలా ఎత్తడం? పెరటి చెట్టు మందుకి పనికిరాదు, అదే చెట్టు ఆకు ఊరికే కోసుకుపోవడానికి మాత్రం పనికొస్తుంది! దీనికి ఒక కేటరింగ్ ఆయన పాటించే పద్ధతి నాకు బాగా నచ్చింది. చుట్టాలకైనా పూర్తి ధరతో బిల్లు రాస్తాడు. తాను తగ్గించదలచుకున్నది అదే కాగితంలో కింద "చదివింపులు" అని రాసి తీసేస్తాడు. అక్కకూతురైతే ఎక్కువ, దూరపు చుట్టమైతే తక్కువ. ఎంత విలువైన పని చేశాడో వాళ్ళకి తెలిసింది, ఎంత అభిమానంతో ఇచ్చాడో కూడా తెలిసింది. పూర్తిగా ఊరికే ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానుకగా సంతోషంగా ఇవ్వండి. "మీకు తోచింది ఇవ్వండి" అనే మాట మాత్రం నోట రానివ్వకండి. తోచింది తక్కువైతే మీకు బాధ, ఎక్కువైతే వాళ్ళకి బాధ.

పూల ఊసు వచ్చింది కనుక ఒక ఇంగ్లండు ఆవిడ గురించి చెప్పాలి. కాన్‌స్టాన్స్ స్ప్రై అని, లండన్‌లో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండేది. నలభై దాటాక, 1929లో, ఉద్యోగం మానేసి పూల అలంకరణ దుకాణం పెట్టింది. అప్పట్లో డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో గులాబీలు, కార్నేషన్లు తప్ప ఇంకోటి పెట్టేవారు కాదు. ఈవిడ పొలం గట్ల మీది గడ్డీ గాదం, అడవి పూలు, కాయలున్న కొమ్మలు, ఆఖరికి కూరగాయల తోటలోని కేల్ ఆకులు కూడా తెచ్చి పెట్టేది. వాటిని పెట్టడానికి వంటింట్లోని గిన్నెలూ బేకింగ్ పళ్ళేలూ కూడా వాడేది! ఒక సెంటు దుకాణం అద్దాల వెనక ఆవిడ పెట్టిన అలంకరణ చూడటానికి జనం గుమిగూడారట. 1947లో ఎలిజబెత్ రాకుమారి పెళ్ళికీ, 1953లో ఆవిడ పట్టాభిషేకానికీ పూల పని చేసింది స్ప్రైయే. గడ్డి పెట్టాను కదా అని గడ్డి ధర అడగలేదు ఆవిడ. ఏ గడ్డిని ఏ గిన్నెలో ఎలా పెట్టాలో చూసే తన కంటికి ధర అడిగింది.

మన అరటి బోదెలు, మామిడాకులు, తాటాకు చిలకలు, కొబ్బరాకు అల్లికలు ఏం తక్కువ? ఇప్పుడు వీటికి ఇంకో కారణం కూడా కలిసొచ్చింది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల్లో అలంకరణకి వాడే థర్మోకోల్ కూడా ఉంది. పేర్లు, హంసలు, నెమళ్ళు అన్నీ థర్మోకోల్‌తో కోసేవాళ్ళు దారి మార్చుకోవాల్సి వచ్చింది. తాటాకు మడత తెలిసిన చేతికి ఇది మంచి కాలం. మీ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదేమైనా ఉంటే బయటికి తియ్యండి.

పని ఒప్పుకునే ముందు "వద్దు" అనడం కూడా వీళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. బలమైన ముహూర్తం పడితే ఒక్క రోజే ఊరంతా పెళ్ళిళ్ళు. ఆశపడి నాలుగు ఒప్పుకున్న డెకరేటరు రెండు చోట్ల మాట పడతాడు. ఆ రెండు చోట్లా వచ్చిన చుట్టాలందరూ కళ్ళారా చూస్తారు. ఇంకా పదేళ్ళు చెప్పుకుంటారు! మీరూ మీకు తోడొచ్చే ఇద్దరు ఆడవాళ్ళూ ఒక్క పూటలో ఎన్ని జడలు కుట్టగలరో లెక్కవేసుకుని, అంతకి ఒకటి తక్కువే ఒప్పుకోండి. తోడొచ్చినవాళ్ళకి డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చెయ్యండి. మీకు రావాల్సింది వచ్చినా రాకపోయినా సరే. పూలు కట్టేవాళ్ళు, లైట్లవాళ్ళు ఏ కాంట్రాక్టరు పిలిస్తే పరుగున వస్తారో చూడండి. చీకటి పడేలోగా కూలి చేతిలో పెట్టేవాడి దగ్గరికే.

మరి పెళ్ళిళ్ళు లేని రోజులు? ఆషాఢం, భాద్రపదం, పుష్యం అని శూన్యమాసాలుంటాయి. ఇవి కాక మౌఢ్యాలు. 2024లో ఏప్రిల్ చివర నుంచి జూలై మొదటివారం దాకా మౌఢ్యం పట్టి, మామూలుగా పెళ్ళిళ్ళు జోరుగా సాగే ఎండాకాలమంతా కల్యాణమండపాలు బోసిపోయాయి. అలాంటివి పంచాంగంలో ముందే రాసి ఉంటాయి. ఉగాదికి పంచాంగం కొన్నప్పుడు రాశిఫలాల పేజీతో ఆపకుండా ముహూర్తాల పేజీ కూడా తిరగేసి, నోటుబుక్కులో నెలవారీగా రాసుకోండి. తమాషా ఏమిటంటే, ఈ విషయంలో పెద్ద కాంట్రాక్టర్ల కంటే మనకే సులువు. వాళ్ళకి ఖాళీగా ఉన్నా గోడౌను అద్దె తప్పదు. మనకో? ఆషాఢంలో తెలంగాణలో బోనాల కుండల అలంకరణ ఉంది, గోరింటాకు పేరంటాలున్నాయి. శ్రావణంలో వరలక్ష్మీవ్రతానికి అమ్మవారి అలంకరణ. భాద్రపదంలో వినాయక చవితి పాలవెల్లి. పుష్యంలో సంక్రాంతి బొమ్మల కొలువు, చంటిపిల్లలకి భోగిపళ్ళ పేరంటం. పెళ్ళి లేని నెలంటూ ఉందేమో గానీ, పేరంటం లేని నెల మన ఇళ్ళలో ఎక్కడుంది!

పంచాంగంలో లేని కష్టం కూడా ఒకటొచ్చింది. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్. ఆ తర్వాత మే నెల నుంచి పెళ్ళికి 50 మందికి మించకూడదన్నారు. అప్పటికే బయానాలు ఇచ్చినవాళ్ళకీ, ఆ డబ్బుతో సరుకు కొనేసినవాళ్ళకీ మధ్య ఎన్ని తగాదాలో. "వాయిదా పడితే ఏం చెయ్యాలి" అని కాగితం మీద ఒక్క వాక్యం రాసుకున్నవాళ్ళు పరువుగా బయటపడ్డారు. ఆ వాక్యం మీరూ రాసుకోవాలి.

కాగితాల గురించి రెండు ముక్కలు. మీ సంపాదనకి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. పాలవాడి డబ్బూ, పూలవాడి డబ్బూ ఒకే పర్సులో కలిస్తే లాభమో నష్టమో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అని ప్రభుత్వానిది ఒకటుంది. ఆధారూ పాన్ కార్డూ ఉంటే చాలు, పైసా ఫీజు లేదు. ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. తినే వస్తువులు అమ్మేవాళ్ళు ఎంత చిన్నగా చేస్తున్నా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అలంకరణలాంటి సేవలకి జీఎస్టీ సాధారణంగా ఏడాదికి 20 లక్షల రాబడి దాటితేనే. ఆ రోజు త్వరగా రావాలని కోరుకుందాం! అప్పు చేసి సామాను కొనేముందు టెంట్ హౌస్ అతన్ని తలుచుకోండి. పెద్ద డెకరేటర్లు కూడా ఏడాదికి రెండుసార్లు పనికొచ్చే వస్తువు కొనరు, అద్దెకి తెచ్చుకుంటారు.

ఫోటోలు తీసి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోండి, మంచిదే. పెళ్ళికూతురి ముఖం కనబడుతుంటే మాత్రం వాళ్ళింట్లో అడిగి పెట్టండి. ఇంటర్నెట్‌లో దొరికిన పరాయి ఫోటో తెచ్చి "ఇది నేనే చేశాను" అనేవాళ్ళు ఈ వృత్తిలో కొందరున్నారు. ఆర్డరు రోజున బాగానే ఉంటుంది, వస్తువు చూసిన రోజున తెలుస్తుంది వాళ్ళ సంగతి. మీదగ్గరికి ఎవరైనా అలాంటి ఫోటో తెచ్చి "అచ్చం ఇలాగే కావాలి" అంటే, ఏది చెయ్యగలరో, ఏది తేడాగా వస్తుందో అప్పుడే చెప్పి, చీటీలో రాసుకోండి.

చీటీ అంటున్నాను కదా, పెద్ద స్టాంపు కాగితమేమీ కాదు. పిల్లల పాత నోటుబుక్కులో తెల్లకాగితాలు చాలు. కార్బన్ పెట్టి రెండు కాపీలు రాయండి, లేదా రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించి "సరే" అని జవాబు తెప్పించుకోండి. ఒక పూలజడకైతే ఇలా:

పెళ్ళికూతురి పేరు, ఇంటి చిరునామా, ఫోను.
పెళ్ళి తేదీ, ముహూర్తం. జడ కావలసిన సమయం: మధ్యాహ్నం 3.30.
పొడుగు: 32 అంగుళాలు (ఇంటికెళ్ళి కొలిచినది). సవరం ఉంది.
పూలు: మల్లెమొగ్గలు, మధ్యలో కనకాంబరాలు. ఆ రోజు మల్లెలు దొరక్కపోతే లిల్లీ మొగ్గలు. ఒప్పుకున్నారు.
ధర, ముట్టిన బయానా, మిగిలింది. మిగిలింది జడ ఇచ్చేముందు.
తేదీ మారితే: వారం ముందు చెబితే బయానా కొత్త తేదీకి జమ. ఆ తర్వాత చెబితే అప్పటికి కొన్న సరుకు ఖర్చు పోగా మిగిలింది జమ.
తెచ్చి ఇచ్చేది ఎవరు, ఆటో ఖర్చు ఎవరిది.
జడ అమర్చడానికి నేను రావాలా, అక్కర్లేదా.

చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. చాలామంది "అది కూడా మీరే కదండీ" అనుకుని కూర్చుంటారు. దానికి రెండు గంటలు పడుతుంది, విడిగా కూలి వేసుకోవాలి. వెళ్ళేటప్పుడు సూదీ దారం, పిన్నులు, చిన్న కత్తెర, ఒక మూర విడి పూలు సంచిలో పెట్టుకెళ్ళండి.